గొలుసు కుట్టు

ఆ అద్దాల తలుపులోంచి జిప్పులక్క లోపలికి రావడం పొద్దుట్నుంచి అది ఏడోసారి. తలుపు పైన బిగించిన లెక్కల మిషనుకి మనుషుల మొహాలు గుర్తుండవు. అది ఏడుసార్లూ ఆమెని కొత్త మనిషిగానే లెక్కేసుకుంది. ఎత్తు మడమల చెప్పులు కాళ్లు కొరికేస్తున్నాయి. ఒంటిమీది గౌను మొదటి అంతస్తు బట్టల షాపువాళ్లది. సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి గనక ధర చీటీ పీకకుండా మెడ వెనక లోపలికి తోసేశారు. అది అడుగడుక్కీ గీరుకుంటోంది. చేతిలో పెద్ద సంచి, సంచి నిండా పాత పేపర్లు. ఇవాళ ఆమె కొనుగోలుదారు.

ఆమె ఒక్కతే కాదు. ఈ మాల్ పాత భాగంలో తొమ్మిది చిన్న దుకాణాలున్నాయి. తొమ్మిదింటివాళ్లూ దుకాణాలు కట్టేసి ఇవాళ షికారు చేస్తున్నారు. తాళాలు బాగుచేసే బాబాయ్‌కి ఎవరిదో కోటు తగిలించారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఆయన గంటసేపటి నుంచీ ఒకే గడియారాల కిటికీని చూస్తున్నాడు.

ఏడోసారి తిరిగొస్తున్న జిప్పులక్కని చూసి, "ఏం కొన్నావమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"రెండు కిలోల పాత వార్తలు. నువ్వో?"

"ధర అడిగాను. ఆ గడియారం పెట్టుకుంటే టైము చూసుకోడానికి కూడా మనసొప్పదే!"

ఈ తతంగమంతా ఒక కంపెనీ కోసం. పక్క స్థలం కొని మాల్‌కి కొత్త భాగం కట్టారు. పాలరాయి పరిచారు, పైనుంచి దీపాలు వేలాడదీశారు. అద్దెకొచ్చేవాళ్లు మాత్రం రాలేదు. చేతి సంచులకి పేరుపడ్డ ఆ పెద్ద కంపెనీ ఒక్కటి వచ్చి కూర్చుంటే చాలు, మిగతా ఖరీదైనవాళ్లంతా వరస కడతారని మేనేజరు లెక్క. వాళ్ల సంచి ఒక్కటి కొనాలంటే జిప్పులక్క ఏణ్ణర్థం పాటు తిండి మానేసి ప్యాంట్లు కురచ చెయ్యాలి. ప్యాంటుకి అరవై, జిప్పు మారిస్తే వంద. ఆ కంపెనీ తరఫున ఒకావిడ ఇవాళ చూడ్డానికి వస్తోంది. ఆవిడ కంట్లో జనం పడాలి, పాత సామాను పడకూడదు.

అందుకని పాత భాగం దుకాణాలన్నిటికీ కలిపి ఒక పెద్ద బొమ్మగుడ్డ అడ్డం కట్టారు. దానిమీద ఒక అందగత్తె పడుకుని ఉంటుంది, ఆవిడ తల దగ్గర 'త్వరలో' అని ఉంటుంది. అచ్చేసినవాళ్లు ఆ గుడ్డని పది ముక్కలుగా తెచ్చి పడేస్తే వాటిని కలిపి కుట్టమని మేనేజరు మొన్న నవ్వుకుంటూ జిప్పులక్క దగ్గరికే వచ్చాడు. ఆయన్ని నవ్వకుండా ఎవరూ చూడలేదు. అద్దె పెంచినప్పుడు కూడా నవ్వాడు.

"ఒక్కరోజుకేగా సార్?" అని అడిగింది.

"ఒక్కరోజే అక్కా. ఆవిడ కారెక్కగానే తీసేస్తాం. ఆ కంపెనీ సంతకం పెట్టిందంటే కొత్త భాగంలో మీకూ చోటు చూస్తాను. నా మాట."

"ఆ మాటే ఒక కాగితం మీద రాసిద్దురూ."

మేనేజరు మళ్లీ నవ్వాడు.

ఒక్కరోజు అన్నాడు గనకే ఆమె గొలుసు కుట్టు వేసింది. కుట్టుపనివాళ్లకి అదొక పద్ధతి. ఉండిపోవాల్సిన దానికి గట్టి కుట్టు, విప్పాల్సిన దానికి గొలుసు కుట్టు. గొలుసు కుట్టుకి బలమంతా చివరి ముడిలోనే ఉంటుంది. అది తప్పించి దారం లాగితే బారెడు కుట్టైనా సరసరా ఊడొచ్చేస్తుంది, గుడ్డకి గాయం కాదు. పది ముక్కలకీ తొమ్మిది కుట్లు వేసి, తన దుకాణానికి తనే తెర కట్టుకుంది.

మెట్ల కింద ఆ నాలుగడుగుల చోటులో పదకొండేళ్లుగా ఒక మిషను, ఒక స్టూలు, ఒక జిప్పుల పెట్టె. స్టూలు మీద అత్తగారు. జిప్పులక్క మొగుడు లారీ తోల్తాడు. నెలకి రెండుసార్లు ఇంటికొస్తాడు, తెచ్చిన జీతంలో సగం లారీ రిపేరుకే పోయిందంటాడు. అత్తాకోడళ్లు ఇద్దరూ బతికేది ఆ నాలుగడుగుల మీదే.

"పెద్దావిణ్ణి ఆ రోజు ఇంట్లో ఉండమనండి," అన్నాడు మేనేజరు. ఆ మాట అత్త చెవిన పడింది.

"నేనింట్లో ఉంటే బొత్తాలు వాటంతటవే కుట్టుకుంటాయేమిటే? పన్నెండు చొక్కాలు ఆ సాయంత్రానికి ఇస్తానని ఒప్పుకున్నా. నేను కదల్ను."

నిజంగానే కదల్లేదు. గుడ్డ కట్టకముందే వచ్చి లోపల కూర్చుంది. ఇప్పుడా అందగత్తె గడ్డం వెనక, చిన్న దీపం పెట్టుకుని, బొత్తాలు కుడుతోంది. ఈ సంగతి కోడలికి తప్ప ఎవరికీ తెలీదు. ఏడుసార్లూ ఆ పక్కనించి నడిచినప్పుడు, దీపం వెలుతురు బయటికి కనపడుతోందేమోనని జిప్పులక్క ఓరకంట చూసుకుంటూనే ఉంది.

పన్నెండింటికి ఆవిడ వచ్చింది. నెరిసిన జుట్టు, పొడుగాటి నల్లకోటు, హడావిడి లేని నడక. పక్కన మేనేజరు ఒళ్లంతా నవ్వై నడుస్తున్నాడు. వాళ్లని దాటుకుంటూ వెళ్లమని జిప్పులక్కకి కళ్లతోనే సైగ చేశాడు. ఆమె సంచి ఊపుకుంటూ బయల్దేరింది. అంతా చెప్పినట్టే జరిగేది, ఆ కోటు వెనక చూడకుండా ఉంటే.

కోటు అంచు జానెడు మేర ఊడిపోయి ఉంది. లోపలి గుడ్డ జారి మడమకి తగులుతోంది. ముందేమో కదిలే మెట్లు. ఆ మెట్ల పళ్లలో గుడ్డ ఇరుక్కుందంటే మనిషి బోర్లా పడుతుంది. జిప్పులక్క ఇంకేం ఆలోచించలేదు. కాళ్లు వెళ్లిపోయాయి.

"అమ్మా, ఒక్క నిమిషం కదలకండి!"

సంచి నేలమీద పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి దానంతటదే మెడపట్టీలోకి పోయింది. పొద్దున దారమెక్కించిన సూది అక్కడ గుచ్చుకోవడం పదకొండేళ్ల అలవాటు. గౌను మారినా అలవాటు మారలేదు. ఎనిమిది కుట్లు వేసింది, ముడేసింది, దారం పళ్లతో కొరికింది. తలెత్తి చూస్తే మేనేజరు నవ్వు పళ్ల మీదే బిగుసుకుపోయి ఉంది.

ఆవిడ వంగి అంచు చూసుకుంది. తర్వాత జిప్పులక్క మెడ వెనక బయటికొచ్చిన ధర చీటీ చూసింది. పక్కకి ఒరిగిపోయిన సంచిలోంచి జారుతున్న పేపర్లు చూసింది.

"ఇక్కడ షాపింగుకి వచ్చేవాళ్లు సూది దగ్గర పెట్టుకుని తిరుగుతారా?"

"మా పాత కస్టమరండీ," అన్నాడు మేనేజరు. "కుట్టుపనంటే ఆవిడకో సరదా."

"సరదాకి నేర్చుకున్న కుట్టు కాదిది." ఆవిడ ఇంకేదో అడగబోయి, గడియారం చూసుకుని, చేతిలోని మాల్ నక్షా విప్పింది. "సరే. కొత్త భాగంలోకి మన తలుపు వచ్చేది ఇక్కడేనా? ఈ మెట్ల కింద?"

ఆవిడ వేలు తిన్నగా అందగత్తె గడ్డం మీదికి చూపిస్తోంది.

"అక్కడేనండీ. సోమవారం ఈ గుడ్డ పొడుగునా అంతా కొట్టించేస్తున్నాం. వెనకాల ఏం లేదు, ఖాళీ."

జిప్పులక్క ఇంకా మోకాళ్ల మీదే ఉంది. సోమవారం అంటే ఎల్లుండి. ఒక్కరోజు, నా మాట, కొత్త భాగంలో చోటు, అన్నీ గిర్రున తిరిగాయి. తెర కట్టింది దుకాణాల్ని ఒక్కరోజు దాచడానికి కాదు, ఏకంగా తీసెయ్యడానికి. దానికి కుట్టు తన చేతే వేయించారు. ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా అప్పుడు అందగత్తె గడ్డం వెనక ఎవరో దగ్గారు.

"ఎవరో ఉన్నట్టున్నారే?" అందావిడ.

"ఏసీ శబ్దమండీ."

"ఏసీకి దగ్గొచ్చిందా?"

మేనేజరు గబుక్కున జిప్పులక్క వైపు తిరిగి పెద్దగా అన్నాడు. "చెప్పండి మేడమ్, ఎన్నేళ్లనించి మా దగ్గర కొంటున్నారో మీరే చెప్పండి!" ఆమెని లేవదీస్తున్నట్టు వంగి, చెవి దగ్గర వేరే గొంతుతో అన్నాడు. "నీకొక్కదానికి చోటిస్తాను. కాగితం మీద రాసిస్తాను. ఈ ఒక్క మాట చెప్పక్కా."

కాగితం! మొన్న అడిగితే నవ్వి ఊరుకున్న కాగితం. జిప్పులక్కకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. ఔనంటే నాలుగడుగులు దొరుకుతాయి, మొగుడి లారీ మాటెలా ఉన్నా రోజు గడుస్తుంది. అవతల కోటు తొడుక్కున్న బాబాయ్ గడియారాల కిటికీ వదిలి ఇటే చూస్తున్నాడు. గుడ్డ వెనక మళ్లీ దగ్గు వినిపించింది.

చెప్పులు రెండూ విప్పి పక్కన పెట్టింది.

"నేను కొనుక్కోడానికి రాలేదండీ," అంది ఆవిడతో. "ఇక్కడ పని చేసుకునేదాన్ని. ఆ దగ్గేది మా అత్తగారు."

వట్టి కాళ్లతో నడిచి వెళ్లి గుడ్డ ముందు గొంతుక్కూర్చుంది.

"అది చింపావంటే డబ్బు నువ్వే కట్టాలి!" మేనేజరు గొంతు కీచుమంది. మొహంలో నవ్వు లేదు. పదకొండేళ్లలో ఆ మొహం ఎలా ఉంటుందో ఇప్పుడే చూసింది.

"చింపను సార్. నేను కుట్టిందేగా, విప్పుతున్నాను."

ముడి తప్పించి దారం లాగింది. కుట్టు కింద నుంచి పై దాకా సరసరా ఊడింది. అందగత్తె మొహం ముక్కు దగ్గర రెండుగా విడిపోయింది. లోపల మిషను, జిప్పుల పెట్టె, దీపం, దీపం కింద కళ్లజోడు పెట్టుకున్న అత్త. ఒళ్లో చొక్కా. ఆమె తలెత్తలేదు.

"అయిందా నీ షికారు? ఆ తెల్లదారం అందుకో. ఇంకా నాలుగు చొక్కాలున్నాయి."

నక్షా పట్టుకున్నావిడ ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. మేనేజరు ఎవరికో ఫోను చేస్తున్నాడు. జిప్పులక్క అత్తకి దారం అందించి, ధర చీటీ గీరుకుంటున్న గౌనుతోనే మిషను ముందు కూర్చుంది. ఒక ప్యాంటు తీసి సూది కిందికి తోసింది.

ఇంతలో పక్కన గుడ్డ కదిలింది. కోటు విప్పేసి బాబాయ్ తన దుకాణం ముందు నేలమీద కూర్చుని తడుముతున్నాడు.

"ముడి ఎక్కడేశావమ్మా?"

"కింద, ఎడం చేతి పక్కన బాబాయ్," అంది మిషను తొక్కుతూనే. "తొమ్మిదింటికీ అక్కడే వేశాను."