నారింజ రంగు వచ్చేదాకా

సింగపూర్‌లో, పాసిర్ రిస్‌లోని ఆ ఫ్లాట్‌లో ఆకలికి ఏడ్చి ఏడ్చి పసిదాని గొంతు జీరబోయింది. నిఖిలకు పుట్టుకతోనే పాలు మింగడం చేతకాదు. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టమే దాని ప్రాణం. పొద్దుటి పాలు పట్టడానికి వచ్చే నర్సు సూర్యకుమారి గొట్టంలోంచి ఒక చుక్క లాగి, పరీక్ష కాగితం మీద వేసింది. కడుపులోని పులుపు తగిలితే అది నారింజ రంగుకు మారాలి. ఆకుపచ్చగా మారింది. గొట్టం కొన కడుపులో లేదన్నమాట.

ఆవిడ పాలు పక్కన పెట్టేసింది.

పాలు చల్లారుతుంటే పాప తల్లి రజిత గొట్టం వైపు చెయ్యి చూపింది. "జెర లోపలికి నూకు అక్కా. మనోళ్లమే గదా, నేనెవ్వలికి చెప్త?"

"నెట్టడం తెలీక కాదమ్మా. అది పెద్ద సిస్టర్ పని. రంగొస్తే పాలు పట్టడం వరకే నాది."

"గంత భయమైతే నర్సువెందుకైనవ్?"

సూర్యకుమారి ఆ మాట విననట్టే పెద్ద సిస్టర్ లిమ్‌కి ఫోన్ చేసి రమ్మంది. పాపను ఒళ్లోకి తీసుకుని చెంప నిమిరి, తన వేళ్ల కేసి చూసుకుంది. జిడ్డు.

"నూనె రాశావా తల్లీ?"

రాసింది. వీడియో కాల్‌లో తన తల్లి చెబుతుంటే, రజిత పాపకు నెత్తి నుంచి పాదాల దాకా మర్దన చేసి మరీ నీళ్లు పోసింది. గొట్టం కదలకుండా చెంప మీద అంటించిన పట్టీ ఒక కొస లేచి ఊగుతోంది. రజిత ఆ కొసను వేలితో అదిమి చూసింది. జిడ్డుకు అంటుకోలేదు.

లిమ్ సిస్టర్ వచ్చి పాత గొట్టం తీసి కొత్తది వేసింది. పాతదాని కొన గొంతు దాకా జారి వచ్చిందని, పాలు పోసి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేవని ఆమె చెబితే, సూర్యకుమారి మెల్లగా తెలుగులో చెప్పింది. మళ్లీ చుక్క వేశారు. కాగితం అంచు నుంచి నారింజ రంగు పాకుతూ వచ్చింది. కంటికి కనపడని కడుపు కబురు ఒక్క చుక్క మోసుకొచ్చింది. రజిత మాత్రం కాగితాన్ని వదిలి సూర్యకుమారి చేతినే చూస్తూ ఉండిపోయింది. పని తెలిసిన చెయ్యి. బిడ్డ అంత ఏడుస్తున్నా, తను అంత మాటన్నా, గొట్టం జోలికి పోని చెయ్యి. దేవుడి గుళ్లో కూడా ఆమె కళ్లు అలా నిలవలేదు.

సాయంత్రం పాలు రజిత వంతు. పాప గుక్కపట్టింది. ఫోన్‌లోంచి రజిత తల్లి తొందరపెట్టింది: "పోయరాదే, పోరి ఏడుస్తుంది."

రజిత కాగితం మీద చుక్క వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"రంగు రానియ్యమ్మా."