నాంచారమ్మ కూర్చున్న కుర్చీ

నేను ఒక డ్రాయింగు బోర్డును. నా మీద కాగితం పరిచినంతసేపు నాకు లోకం కనిపించదు. గీత బరువును బట్టి అది ముక్కో మూతో పోల్చుకుంటాను. ఎదురుగా కూర్చున్నవారికి నా వీపు తప్ప మరేమీ కనిపించదు. తమ మొహం గురించి మనుషులు ఎంత భయపడతారో అద్దానికన్నా నాకే బాగా తెలుసు. అద్దం ముందు వాళ్ళు సర్దుకుని నిలబడతారు; నా ముందు ఆ అవకాశం లేదు.

తెనాలిలో ఒక వడ్రంగి, మూతబడిన హోటలు కౌంటరు బల్లను కోయగా మిగిలిన ముక్కతో నన్ను చేశాడు. దుకాణాల పేర్లు రాసే కోటిలింగం నన్ను కొన్నాడు. అతని చేతిలో అక్షరాలు నిటారుగా నిలబడేవి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతికి పని పోయింది. అలా పాత సామాన్ల మధ్య గుంటూరులో ఒక పేవ్‌మెంటు మీద పడి ఉన్న నన్ను సువార్త తీసుకుంది.

సువార్తకు ఉద్యోగం లేదు. పని మాత్రం ఉంది. వారపత్రికల హాస్యకథలకు బొమ్మలు వేస్తుంది. పెళ్ళి రిసెప్షన్లలో ఒక మూల కూర్చుని, వచ్చిన అతిథులను పది నిమిషాలకొకరి చొప్పున వ్యంగ్యచిత్రాలుగా గీస్తుంది. ఈ వారం ఒంగోలు, వచ్చే వారం ఏలూరు, ఆ పైవారం ఏమిటో ఆమెకే తెలియదు. బస్సులో ఆమె ఒడిలో నేను. నా మీద, కుదుపుకు కుదుపుకు వంకరపోయే పెన్సిలు. నేను నిలకడగా ఉన్న రోజు లేదు.

ఈ వృత్తిలో ఒక క్రూరమైన ఏర్పాటు ఉంది. చిత్రకారిణి వెనక గుమిగూడిన జనమే బొమ్మను ముందు చూస్తారు. కూర్చున్న మనిషి వాళ్ళ నవ్వును చూస్తూ, తన మొహంలో ఏముందో ఊహించుకోవాలి. ఒకసారి నిశ్చితార్థంలో సువార్త ఒక పిల్ల మెల్లకన్నును పెద్దది చేసి గీసింది. జనం విరగబడి నవ్వారు. ఆ పిల్ల బొమ్మ చూడకుండానే లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు సువార్త తనకొక నియమం పెట్టుకుంది: పుట్టుకతో వచ్చినదాన్ని పెంచి గీయకూడదు, మనిషి తనంతట తాను పెంచుకున్నదాన్నే పెంచాలి. అప్పటినుంచి ప్రతివారినీ ఒకే ప్రశ్న అడుగుతుంది: పొద్దున్నే మొదట ఏం చేస్తారు?

ఇక ఒక కాలేజీ సంగతి. ఇరవై ఐదేళ్ళ ఉత్సవానికి సిబ్బంది అందరి వ్యంగ్యచిత్రాలూ గీసి హాలులో వేలాడదీయాలని కరస్పాండెంటు పురుషోత్తంగారు సువార్తను పిలిచారు. తమ బడుల కోసం వేయబోయే వాచకాలకు బొమ్మలన్నీ ఆమె చేతనే గీయిస్తామని కూడా అన్నారు. అంటే ఏడాదిపాటు ఒకేచోట, ఒకే బల్ల ముందు కూర్చునే పని. ఆ మాట విన్న రోజు ఆమె నన్ను తడిబట్టతో తుడిచి, ఎండలో ఆరబెట్టింది.

లెక్చరర్లందరి బొమ్మలూ అయ్యాయి. చివర పురుషోత్తంగారు ఆయాను పిలిపించారు. ఆమె పేరు నాంచారమ్మ. కాలేజీ పుట్టిననాటి మనిషి. పైపళ్ళు పెదవి దాటి ముందుకు వచ్చి ఉంటాయి.

"రావే నాంచారీ, కూర్చో. మేడంగారూ, ఈమె బొమ్మే అన్నిటికన్నా హైలైటు కావాలి."

"పళ్ళు మాత్రం వదలమాకండి మేడం," అన్నాడు వెనకనుంచి ఒక లెక్చరరు.

నాంచారమ్మ అరచేత్తో నోరు కప్పుకుని, కుర్చీ అంచున కూర్చుంది. సువార్త నా మీద కొత్త కాగితం పరిచింది. తర్వాత తన ప్రశ్న అడిగింది.

"పొద్దున్నేనా? తాళాలు తీస్తానమ్మా. ముప్పై రెండు గదులు. సారు గదితో కలిపి."

గీతలు వేగంగా పడ్డాయి. నా మీద ఒక పెద్ద భవనం లేచింది. దాన్ని చంటిపిల్లలా చంకనెత్తుకున్న స్త్రీ లేచింది. ఆమె మొలలో తన తలకన్నా పెద్ద తాళాలగుత్తి. భవనం కిటికీలోంచి వేలెడంత మనిషి, పురుషోత్తంగారి మీసంతో, ఆ తాళాల కోసం రెండు చేతులూ చాస్తున్నాడు.

వెనక ఒక్క నవ్వూ లేదు. నవ్వు గొంతుదాకా వచ్చి, పక్కనే ఉన్న కరస్పాండెంటుగారిని చూసి ఆగిపోయింది. చదువుకున్నవారి గొంతులకు ఆ శిక్షణ బాగా ఉంటుంది. నాంచారమ్మకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

"ఏం తల్లీ, కుదర్లేదా? ఎవ్వరూ నవ్వట్లేదు. నా మొహమే అంత. నువ్వేం దిగులుపడమాక," అంది.

సువార్త కాగితం తీసి ఆమె చేతికిచ్చింది. నాంచారమ్మ చాలాసేపు చూసింది. కిటికీ దగ్గర ఆమె వేలు ఆగింది. "మా సారే గదా," అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి పకపకా నవ్వింది.

పురుషోత్తంగారు కూడా నవ్వారు. "బాగుంది. ఇది గోడకు వద్దులెండి. ఇంకొకటి గీయండి, పళ్ళు కనబడేటట్టు, సరదాగా. రేపు మన వాచకాల్లో పిల్లలకూ సరదా బొమ్మలే కావాలి గదా."

బెదిరింపును ఇంత మర్యాదగా చుట్టి ఇవ్వగలవారు తక్కువ. సువార్త పెన్సిలు నా మీద పెట్టేసింది.

"ఆ బొమ్మ నేను గీయనండీ," అంది.

అందరూ చూస్తున్నారు. తాను సరదా మనిషినని చూపించుకోవడానికి ఆయన స్వయంగా కుర్చీలో కూర్చున్నారు. "సరే, నన్ను గీయండి, చూద్దాం."

"పొద్దున్నే మొదట ఏం చేస్తారు సార్?"

ఆయన జవాబు కోసం వెదికారు. నా మీద కాగితం తెల్లగానే ఉంది.

ఆయన అవస్థ చూడలేకపోయింది నాంచారమ్మ.

"పదింటికి నేను తలుపు తీస్తే వచ్చి కూచుంటారమ్మా," అంది, సాయం చేస్తున్నట్టుగా. "అది గియ్యి."

ఈసారి నవ్వు ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. సువార్త ఆ బొమ్మ పూర్తి చేసింది. నాంచారమ్మ తన బొమ్మను చుట్టి, చీర కొంగుతో పట్టుకుని వెళ్ళిపోయింది. గోడ మీద ఆమె చోటు ఖాళీగా ఉండిపోయింది.

వాచకాల పని మాకు రాలేదు. ఆ పని వేరొకరికి వెళ్ళిందని తర్వాత విన్నాం. మళ్ళీ బస్సులు, మళ్ళీ రిసెప్షన్లు. నా ఒక అంచు చీలింది. సువార్త టేపు చుట్టింది. ఇంకెన్నాళ్ళో చెప్పలేను. ఇప్పటికీ ఆమె ఎదుట కూర్చునేవారు ముందుగా జుట్టు సర్దుకుంటారు. ఆమె ప్రశ్న విన్నాక మాత్రం జుట్టు సంగతి మరిచి, ఏ పనీ ఎరగని చేతులని తెలిసిపోతుందేమోనని, చాలామంది చేతులు ఒళ్ళో దాచుకుంటారు.