నలభై రోజుల నయం

నేను మా సుగ్రాని ఒకసారి నయం చేశాను. డెబ్భై నాలుగులో, నలభై రోజుల పాటు.

మొన్న నా మనవరాలు ఫోన్లో ఒకటే ఏడుపు. దాని కొడుక్కి మూడేళ్ళు నిండాయి. పిలిస్తే పలకడట, మొహంలోకి చూడడట. డాక్టర్లు ఆటిజం అన్నారట. "నయం చేసే మందు కనిపెడుతున్నారంటున్నారు అమ్మమ్మా. వస్తే వేయించనా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, దాని మీద కాదు. తర్వాత మాట్లాడతాలే అని పెట్టేసి, మంచం మీద కూర్చుని చాలాసేపు మా సుగ్రానే తలుచుకున్నాను.

మేం దూదేకులోళ్ళం. తిరువూరు బస్టాండు వెనక సందులో మాకు రెండు గదుల పెంకుటిల్లు ఉండేది. ముందు గది దూదికి, వెనక గది మాకు. అలాగని దూది వింటుందా? పక్కల్లో ఉండేది, తలల్లో ఉండేది, అన్నంలోకి కూడా వచ్చేది. మా నాన్న మదార్ దూలానికి పెద్ద విల్లు వేలాడదీసుకుని, కొయ్య గుండుతో దాని నారిని కొడుతుంటే తుంయ్ తుంయ్‌మని ఇల్లంతా మోగేది. ఆ నారి కింద గడ్డలు కట్టిన దూది విచ్చుకుని పైకి లేస్తుంటే చూడాలి! ఇప్పుడు మిషన్లొచ్చాయి. ఆ మోత విని ఎన్నేళ్ళయిందో, చెవిలో మాత్రం ఇంకా ఉంది.

అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు, సుగ్రాకి నాలుగు. అప్పట్నుంచి దానికి అమ్మనీ నేనే, అక్కనీ నేనే. అది మాట్లాడటం తక్కువ. "అన్నం తింటావా?" అంటే "తింటావా" అనేది. మొహంలోకి చూసేది కాదు. ముట్టుకుంటే ఒళ్ళు కాలినట్టు గింజుకునేది. అదే మనిషి, బరువైన పరుపు తెచ్చి మీద వేస్తే దాని కింద హాయిగా పడుకుని, తల ఒక్కటి బయటపెట్టి, నాన్న నారి ఏ రాగంలో మోగుతుంటే ఆ రాగంలో మ్‌మ్‌మ్ అంటూ ఉండేది. నారి కాస్త వదులైతే నాన్న కంటే ముందు దానికే తెలిసిపోయేది. చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకునేది. నాన్న గబగబా నారి బిగించి, "మా మేస్త్రీకి కోపం వచ్చిందిరోయ్!" అని నవ్వేవాడు.

బస్టాండు పక్కనే కదా, కండక్టర్ల కేకలన్నీ దానికి కంఠస్థం. పెరుగన్నం కలుపుకుంటూ, "ఏ కొండూరు, మైలవరం, కొండపల్లి, బెజవాడ... రైట్ రైట్!" అనేది. మా ఎదురింటి వెంకాయమ్మత్త పడీ పడీ నవ్వేది. ఆవిడే ఏటా నెమలి అనే ఊరి గుడికి వెళ్ళి వేణుగోపాలస్వామి తీర్థం తెచ్చి దాని నోట్లో పోసేది. మా పెద్దలు తాయెత్తు కట్టించేవాళ్ళు. నాన్న దేనికీ అడ్డు చెప్పలేదు. సుగ్రా తాయెత్తు కొరికి తెంపేసేది, తీర్థం మాత్రం తులసి వాసన చూసి చూసి తాగేది. సైతాను పట్టిందనేవాళ్ళు కొందరు, గ్రహణం మొర్రిలాగా ఇదీ గ్రహణమేననేవాళ్ళు ఇంకొందరు. దాని జబ్బుకి ఊళ్ళో ఎవరి పేరు వాళ్ళకుండేది.

చేతిపని మాత్రం అమ్మో, ఏం చేతులవి! దబ్బనం పట్టిందంటే పరుపు మీద కుట్లు ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగినట్టు తిన్నగా వచ్చేవి. కుట్టేముందు ఎడమచేత్తో పరుపంతా నొక్కి నొక్కి చూసేది. అక్కడే వచ్చింది తంటా.

మా పనిలో ఒక అలవాటుంది. దాచడం దేనికి, అందరూ చేసేదే. కొత్త పరుపు నింపేటప్పుడు కిందా పైనా కొత్త దూది పరిచి, నడి పొరలో కాస్త పాత దూది పెట్టేవాళ్ళు. జనం పాత పరుపులు ఏకించుకోవడానికి ఇచ్చినప్పుడు మిగిలేదన్నమాట. పడుకున్నవాడికి తెలీదు, అమ్మినవాడు చెప్పడు. నాన్న కూడా పెట్టేవాడు. సుగ్రా పద్నాలుగేళ్ళదాకా చిన్న దిండ్లే కుట్టింది కాబట్టి బండి నడిచిపోయింది.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు విస్సన్నపేట నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పీర్‌సాహెబ్, లారీ మెకానిక్కు. రెండుసార్లు నాన్నకి దూది మూటలు దించిపెట్టే వంకతో వచ్చి, ఒకసారి మంచినీళ్ళడిగి, చెంబు తిరిగివ్వడం మర్చిపోయి చేత్తో పట్టుకుని బస్సెక్కేశాడు. మర్నాడు చెంబు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. నాకు ఇష్టమే. ఈ వయసులో సిగ్గెందుకు, బాగా ఇష్టం.

వాళ్ళమ్మ ఖతీజాబీ నన్ను చూడ్డానికొచ్చిన రోజే పెనుగొలను మాణిక్యమ్మగారు పరుపు కోసం బండి కట్టించుకుని వచ్చింది. పెద్ద రైతుల ఇల్లు, కొత్తగా చేయించుకున్న పందిరిమంచానికి పరుపు. నేను ఖతీజాబీకి టీ ఇచ్చి తలొంచుకుని కూర్చున్నాను. గదిలో ఆఖరి కుట్లు వేస్తున్న సుగ్రా ఉన్నట్టుండి ఆగింది. పరుపు నొక్కింది. మళ్ళీ నొక్కింది. దబ్బనం తీసి కుట్లన్నీ పరపరా విప్పేసి, మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి, నల్లబడ్డ దూది పిడికెళ్ళు పిడికెళ్ళుగా బయటికి లాగింది. "పాతది," అంది. ఇంకో పిడికెడు. "పాతది. పాతది."

"ఏమయ్యా మదారూ, ఏంటిది?" అని మాణిక్యమ్మగారు లేచి నిలబడింది.

"అమ్మగారూ, అది... పిచ్చిదండీ, దానికేం తెలీదు..." అన్నాడు నాన్న.

"దానికే తెలిసిందయ్యా! మాకు తెలీలేదు!" అని ఆవిడ సందంతా వినపడేలా కడిగిపారేసి, ఖాళీ బండితో వెళ్ళిపోయింది. నాన్నకి తల కొట్టేసినట్టయింది. సుగ్రా ఇదేం పట్టకుండా కొత్తది ఒక కుప్ప, పాతది ఒక కుప్ప పోసుకుంటూ మ్‌మ్‌మ్ అంటోంది.

ఖతీజాబీ టీ గ్లాసు కింద పెట్టింది. "పిల్ల బంగారం, మదారన్నా. కానీ ఇంట్లో ఇలాంటిదుంటే రేపు పుట్టేవాళ్ళ సంగతేంటి? ముందు ఆ పిల్లకి నయం చేయించండి. తర్వాత మాట్లాడుకుందాం."

మరుసటి వారమే నేను సుగ్రాని తీసుకుని బెజవాడ బస్సెక్కాను. నాన్నకి మొహం చెల్లక రాలేదు. దారి పొడుగునా కండక్టరు కంటే ముందు అదే ఊళ్ళ పేర్లు అరుస్తుంటే బస్సంతా నవ్వింది, నేను కిటికీలోకి చూస్తూ ఏడిచాను.

అక్కడి పెద్దాసుపత్రి డాక్టరు గారు మంచాయన. పెద్దాయన, దాంతో గంటసేపు కూర్చున్నాడు. బల్ల మీద దూది పెడితే అది రెండు కుప్పలు చేసింది. అప్పుడాయన నాతో అన్నాడు: "చూడమ్మా, దీన్ని ఆటిజం అంటారు. ఒంట్లోకి వచ్చిన జబ్బు కాదు, ఆ అమ్మాయి పుట్టుకే అలాంటిది. నయం చేసే మందు లేదు. ఆమెకి తగ్గట్టు మీరే సర్దుకోవాలి."

"అలా అనకండి సార్. నిమ్మళంగా ఉండేట్టు ఏదన్నా ఇవ్వండి," అని కాళ్ళావేళ్ళా పడ్డాను. తల గోడకి కొట్టుకుంటుందని చెప్పాను. రోజూ చచ్చిపోయేంతగా కొట్టుకుంటుందని అబద్ధం కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి మాత్రలు రాశాడు. "ఇవి నయం చెయ్యవు, మత్తుగా ఉంచుతాయి. మరీ మందకొడిగా అయితే వెంటనే ఆపి, ఇక్కడికి తీసుకురా," అని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికొచ్చి నాన్నతో ఏం చెప్పానో తెలుసా? "జబ్బు పేరు తెలిసింది నాన్నా. మందిచ్చారు. నయమైపోతుందన్నారు." అంతే. మిగతాదంతా మింగేశాను.

నాలుగు రోజుల్లో సుగ్రా ఆగిపోయింది. కూర్చోబెట్టిన చోట కూర్చునేది. తల కొట్టుకోలేదు. పరుపు కిందకి దూరలేదు. నారి వదులైనా ఉలకలేదు, పలకలేదు. మైలవరం లేదు, కొండపల్లి లేదు. వెంకాయమ్మత్త వచ్చి, "అయ్యో తల్లీ, ఎంత బుద్ధిగా కూర్చుందో!" అని మురిసిపోయి దాని తల నిమిరింది. నిమరనిచ్చింది. నాన్న ఆ రోజు బజారుకెళ్ళి సందులో వాళ్ళందరికీ మిఠాయి తెచ్చి పంచాడు. ఖతీజాబీ మళ్ళీ వస్తే సుగ్రాయే టీ తెచ్చి సలాం చెప్పింది. నేను నేర్పినట్టే చెప్పింది. చెయ్యి వణికి టీ సాసర్లో ఒలికింది గానీ, ఎవరూ పట్టించుకోలేదు. సంబంధం ఖాయం చేసుకుని వెళ్ళారు.

నేను సంతోషంగా ఉన్నానా అంటే, ఉన్నాను. అది నిజం. కానీ పొద్దున్నే లేవగానే ఇల్లు ఎవరో చచ్చిపోయినట్టుండేది. నాన్న విల్లు మోగుతూనే ఉండేది, దాని పక్కన ఉండాల్సిన రెండో గొంతు లేదు.

మా ఇంటి ఆనవాయితీ ఏంటంటే, ఆడపిల్ల అత్తారింటికి పట్టుకెళ్ళే పరుపు తోడబుట్టినవాళ్ళే కుట్టాలి. నాన్న నా కోసం నికార్సైన కొత్త పత్తి ఏకాడు, ఒక్క పీచు కల్తీ లేకుండా. ఆయన భోజనానికి లోపలికెళ్ళినప్పుడు, సుగ్రా చూస్తుండగానే నేను ఒక మూల నుంచి నల్లటి పాత దూది తెచ్చి నా పరుపు నడి పొరలో పెట్టాను. ఎందుకు పెట్టానో మీకు చెప్పక్కర్లేదనుకుంటా. అది పట్టుకోవాలి. విప్పిపారెయ్యాలి. నా పెళ్ళి పెటాకులైనా సరే, అరవాలి.

మధ్యాహ్నమంతా ఎదురుగా కూర్చుని చూశాను. ఎడమచెయ్యి పాత దూది మీదికొచ్చింది. ఆగుతుందనుకున్నా. ఆగలేదు. దబ్బనం దిగింది, లేచింది, దిగింది. కుట్లు వంకర్లు పోయాయి. ఆఖరి ముడి వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. పెదవి చివర చొంగ కారుతుంటే కొంగుతో తుడిచాను. "సుగ్రా, ఇందులో ఏముందే?" అన్నాను. "ఏముందే" అని కూడా అనలేదు.

యా అల్లా, నేనేం చేశాను దీన్ని!

ఆ రాత్రే మాత్రల పొట్లం పట్టుకెళ్ళి నాన్న కంచం ముందు పెట్టి మొత్తం చెప్పేశాను. నయం కాదని డాక్టరు చెప్పిన మాట, నేను దాచిన మాట, అన్నీ. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అన్నంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "అది మందకొడి అయిన మర్నాడే ఆపాల్సింది గౌసీ," అన్నాడు, అంతే. మర్నాడు మమ్మల్నిద్దరినీ తనే బెజవాడ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి మాత్రలు మాన్పించాడు. తిరిగొచ్చిన సాయంత్రమే విస్సన్నపేట వెళ్ళి, ఖతీజాబీకి ఉన్నదున్నట్టు చెప్పొచ్చాడు. ఆవిడేం తిట్టలేదట. సంబంధం మాత్రం వద్దందట. పీర్‌సాహెబ్ ఆ తర్వాత మా సందులోకి రాలేదు. కొన్నాళ్ళపాటు లారీ హారన్ మోగితే చాలు, గుమ్మంలోకి వెళ్ళి నిలబడేదాన్ని. ఐదేళ్ళకి ఈ ఊళ్ళోనే, రెండు సందుల అవతల ఉన్న సైకిల్ షాపాయన్ని చేసుకున్నాను. మంచివాడే. సుగ్రా బతికున్నన్నాళ్ళూ మా ఇంటికీ అదుండే పుట్టింటికీ తిరుగుతూనే ఉన్నాను.

నాన్న నడి పొర మానేశాడని చెప్తే మీరు సంతోషిస్తారు గానీ, మానలేదు. అలాంటి పరుపులు దాని చేతికివ్వకుండా దొంగచాటుగా తనే కుట్టుకునేవాడు.

మనవరాలికి ఇవాళ ఫోన్ చేసి చెప్పాను. ఆటిజమని పేరు రాయించుకోండి, మంచిదే. బడిలో చెప్పుకోడానికి, నలుగురి నోళ్ళు మూయించడానికి పనికొస్తుంది. నాకు ఆ పేరు డెబ్భై నాలుగులోనే దొరికితే పొయ్యిలో పెట్టేశాను. వాడికి నొప్పుంటే నొప్పికి మందు వేయించు, నిద్ర పట్టకపోతే దానికి వేయించు. వాణ్ణి మాయం చేసే మందైతే మాత్రం నా గడప తొక్కకు, అన్నాను. ఎందుకంత కోపం అమ్మమ్మా అంది. అప్పుడు ఈ ఆఖరిది చెప్పాను.

మాత్రలు మానిన మూడోవారం అనుకుంటా. పొద్దున్నే నాన్న విల్లు మోగిస్తున్నాడు. పొయ్యి దగ్గరున్న నాకు మ్‌మ్‌మ్ వినపడింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తాను. సుగ్రా మూలన చుట్టిపెట్టిన నా పెళ్ళి పరుపు లాగి పరిచి, వంకర కుట్లన్నీ విప్పుతోంది. చెయ్యి లోపల పెట్టింది. నల్ల దూది తీసి నా ముందు పెట్టింది.

"పాతది," అంది. "అక్క పెట్టింది."

నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. నాన్న గుండు కింద పడేసి వచ్చి నిలబడ్డాడు. "మరి ఆ రోజు కుట్టేటప్పుడు తెలీలేదా తల్లీ?" అన్నాను.

అది నా మొహంలోకి చూడలేదు. తన ఎడమచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"తెలుసు," అంది. "చెయ్యి లేవలేదు."