నల్ల వెల్వెట్టు కోసిన కత్తెర

నేను ఒక కత్తెరను. కొత్తదాన్ని కాను, కుదురైనదాన్నీ కాను. ఒక రెక్క మొన విరిగి పాతికేళ్ళు దాటింది. రెండు రెక్కల్నీ కలిపి పట్టిన మేకు వదులైపోయి, నోరు తెరిచినప్పుడల్లా కిర్రుమంటాను. "పాపం, దీనికి రెండు చుక్కలు నూనె వెయ్యకూడదూ" అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వేసినవాళ్ళు ఇద్దరే. మనుషుల జాలి ఎక్కువగా మాటల దగ్గరే ఆగిపోతుంది, ఏం చేస్తాం.

నా పుట్టుక చెబితే నా నీరసం మీకు అర్థమవుతుంది. ఏదో లారీకి కమాను పట్టీగా ఉండి, ధాన్యం బస్తాలు మోసి మోసి విరిగిన ఇనుము నేను. తుక్కులో పడ్డాక హాయిగా తుప్పు పట్టి మట్టిలో కలిసిపోవచ్చనుకున్నాను. కమ్మరి ఊరుకున్నాడా? కొలిమిలో పెట్టి, ఎర్రగా కాల్చి, సుత్తితో వాయించి, సాన పట్టి నన్ను కత్తెరను చేశాడు. అందరూ పుట్టాక అలిసిపోతారు. నేను అలిసిపోయాక పుట్టాను.

నన్ను కొన్నది నిడదవోలు స్టేషను రోడ్డులో బట్టలు కుట్టే సూరిబాబు. అతనికి పెళ్ళాం కంటే కత్తెర మీద ప్రేమ ఎక్కువని వీధంతా అనుకునేవారు, ఆ పెళ్ళాం కూడా అనుకునేది. దర్జీల ఇళ్ళలో ఒక నియమం ఉంది. బట్ట కోసే కత్తెరతో కాగితం కొయ్యకూడదు, పదును చచ్చిపోతుంది. ఆవిడ ఒకసారి నాతో కాఫీపొడి పొట్లం మూతి కత్తిరిస్తే సూరిబాబు మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నేనూ పొంగిపోయాను. లాల్చీలు, జాకెట్లు, పెళ్ళికొడుకుల సూట్లు తప్ప ఇంకేదీ నోటికి తగలకుండా పదకొండేళ్ళు దర్జాగా బతికాను. తరవాత ఒకరోజు బల్ల మీంచి సిమెంటు గచ్చు మీద పడ్డాను. మొన టంగుమని విరిగింది. ఆ పైన బట్టలో పెడితే పోగులు పట్టి లాగేసేదాన్ని.

అప్పుడే గుడ్డముక్కల మూట కోసం మాణిక్యాంబ టీచరు వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో చేతిపనులు నేర్పేది ఆవిడే. సూరిబాబు నన్ను మూట మీద పెట్టి, "ఇది కూడా పట్టుకెళ్ళిపోండి టీచరుగారూ. బట్టకింక పనికిరాదండి. కాయితానికైతే దివ్యంగా ఉంటదండి" అన్నాడు.

కాయితానికి! పదకొండేళ్ళ కాపురాన్ని ఒక్క మాటతో తేల్చేశాడు. నాకు కన్నీళ్ళే ఉంటే అక్కడికక్కడ ఏడ్చేదాన్ని.

మాణిక్యాంబ భర్త చిన్నవయసులోనే పోయాడు. పిల్లల్లేరు. రెండు గదుల వాటాలో ఆవిడకు తోడు అట్టలూ బంకా. ఇంట్లో కూర్చుని గ్రీటింగు కార్డులు చేసేది. దేన్నీ పారెయ్యదు మహాతల్లి. జరీ అంచు ముక్కలు, రాలిన చమ్కీలు, పగిలిన గాజులు, చీపురుపుల్లలు, పెళ్ళిళ్ళయిపోయిన శుభలేఖల మీది బంగారు రంగు వినాయకులు, పిల్లలు పెన్సిళ్ళు చెక్కితే రాలిన పొట్టు కూడా దాచేది. ఆ పొట్టును గుండ్రంగా తిప్పి అతికిస్తే అచ్చం పువ్వే, చూస్తే తప్ప మీరు నమ్మరు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి బంక కాచుకునేది. కొయ్యాల్సింది మాత్రం అన్నిటినీ నేనే. అట్ట కోస్తే దవడలు పీకేవి. చీపురుపుల్ల కోస్తే పళ్ళు రాలినట్టుండేది. రిబ్బను మెలి తిరగాలని నా రెక్కకేసి బర్రున లాగేది. చిలక ముక్కు కోసమని ఎండుమిరపకాయ కూడా కోయించింది. పట్టుబట్టలు కోసినదాన్ని, ఎవరితో చెప్పుకోను?

అయినా ఆవిడ పనికి వంక పెట్టలేం. ఒక కార్డుకు రెండు సాయంత్రాలు పట్టినా సరే, అంచు ఒక వెంట్రుక పక్కకు పోయిందంటే ఆ అట్ట పక్కన పెట్టేసి ఇంకోటి మొదలుపెట్టేది. "చేత్తో చేసింది చేత్తో చేసినట్టుండాలి, కాలితో చేసినట్టు కాదు" అని పిల్లలను కోప్పడేది. ఆ కార్డులు హెడ్మిస్ట్రెస్సుకు, చదువైపోయి వెళ్ళిన పిల్లలకు, ఆఖరికి పోస్టుమేనుకు కూడా అందేవి. కానీ ఏటా డిసెంబరులో అన్నిటికంటే ముందు చేసేది, అన్నిటికంటే ఎక్కువసేపు చేసేది ఒకటుండేది. అది నరసాపురంలో ఉన్న అక్క భ్రమరాంబకు. దానికి మాత్రం జవాబు వచ్చేది కాదు.

అక్కాచెల్లెళ్ళ మధ్య గొడవ శుభలేఖల దగ్గర వచ్చింది. భ్రమరాంబ తన కూతురి పెళ్ళికి "శుభలేఖలు నువ్వే చెయ్యవే" అంది. మాణిక్యాంబ స్కూలుకు సెలవు పెట్టి మరీ కూర్చుంది. ఒక్కోదాని మీద జరీ తోరణం, చమ్కీల మామిడాకులు. నా మేకు వదులైంది ఆ నెల్లోనే. తీరా పట్టుకెళ్ళి ఇస్తే, మగపెళ్ళివారు అటూ ఇటూ తిప్పి చూసి, "బళ్ళో పిల్లలు చేసినట్టున్నాయే" అన్నారట. భ్రమరాంబ ఒక్క మాట ఎదురు చెప్పకుండా ప్రెస్సుకు పరిగెత్తి అచ్చు వేయించింది. చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఆ పెళ్ళికి వెళ్ళలేదు. సొంత పిన్ని పీటల దగ్గర లేకపోతే నలుగురూ నోరు మూసుకుంటారా? "మీ చెల్లెలేదమ్మా?" అని అడిగినవాళ్ళందరికీ ఏం చెప్పాలో తెలియక భ్రమరాంబ తలెత్తుకోలేకపోయింది. అంతే, రాకపోకలు ఆగిపోయాయి. తప్పెవరిదంటే నేను చెప్పలేను. నా వరకు నాకు, రెండు రెక్కలూ కదిలితేనే కోత పడుతుంది.

ఏడాది తిరిగేసరికి మాణిక్యాంబ కోపం చల్లారింది. వెళ్ళి ఎదుట నిలబడే ధైర్యం లేక కార్డు పంపింది. జవాబు లేదు. మరుసటి ఏడు ఇంకోటి పంపింది. అలా పదకొండు. జనవరి నెలంతా పోస్టుమేను సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వెళ్ళేది. "ఏం లేదండి టీచరుగారూ" అనేవాడతను. ఫిబ్రవరి వచ్చేసరికి వెళ్ళడం మానుకునేది. ఆవిడకు కావలసింది ఒక్కటే, తను పోయేలోగా అక్క ఒక్కసారి పలకరించాలి. నాలాంటి ఇనపముక్కకే జాలి వేసింది, ఆ అక్కకు వెయ్యదేం అని తిట్టుకునేదాన్ని.

పన్నెండో కార్డు నాటికి ఆవిడ రిటైరై మూడేళ్ళయింది. వేళ్ళ కణుపులు వాచిపోయి, నా పిడిలో బొటనవేలు దూరేది కాదు. పైగా రెండు కళ్ళకీ శుక్లాలు. ఆ స్థితిలో ఆవిడకు నీలం కార్డు చెయ్యాలని బుద్ధి పుట్టింది. చిన్నప్పుడు అక్కకు పొట్టయిపోయి తనకు వచ్చిన నీలం పట్టు పరికిణీ ఒకటుండేదట, వెండి బుటాలది. అలా నీలం మీద వెండి చమ్కీలు అతికించాలని. గుడ్డముక్కల మూట విప్పి, కిటికీ దగ్గర వెలుతురులో వెతికి ఒక వెల్వెట్టు ముక్క తీసింది. "చూశావా, నెమలి కంఠంలా ఎంత బాగుందో" అంది నాతో. ఒంటరి మనిషి, కత్తెరతో కాక ఇంకెవరితో మాట్లాడుతుంది?

అది నీలం కాదు. పెళ్ళి బ్యాండువాళ్ళ కోట్లకు కాలర్లు వెయ్యగా మిగిలిన నల్ల వెల్వెట్టు. నేను కిర్రుమన్నాను. ఎప్పుడూ కిర్రుమనేదే కదా, పట్టించుకునేదెవరు? బొటనవేలు దూరక రెండు చేతులతో నన్ను పట్టుకుని, ఆగి ఆగి, ఆ నలుపంతా కోసింది.

నలుపైతే ఏమిటంటారా? మనవైపు శుభలేఖకు మూలల్లో పసుపు పెడతారు. చావు కబురు కార్డుకు నలుపు ఉంటుంది. అది వస్తే గుమ్మం దాటనివ్వరు. వీధిలోనే చింపేసి, తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి వస్తారు. ఈ సంగతి టీచరుకు తెలియక కాదు. కంటికి ఆనలేదు, అంతే.

లోపల ఏం రాసిందో నేను చూశాను. అట్ట కదలకుండా నన్నే బరువు పెట్టుకుని రాసింది మరి. "అక్కా, చేతులు పట్టు తప్పాయి. ఇదే ఆఖరి కార్డు. ఇన్నేళ్ళూ విసిగించాను. ఇక విసిగించను." శుభాకాంక్షలన్న మాటే లేదు. ఆ నాలుగు ముక్కలు రాసేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. కవరు మీద చిరునామాలు రెండూ పక్కవాటా శేషారత్నం చేత రాయించి పోస్టు చేయించింది. తరవాత నన్ను కొంగుతో తుడిచి సొరుగులో పెట్టింది. ఆవిడను తలుచుకుంటే బాధగానే ఉంది. నా సంగతి తలుచుకుంటే, నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం గోంగూర కట్టకున్న తాడు ముడి ఊడక నన్ను మళ్ళీ తీసింది. అప్పుడే వీధి మొదట్లోంచి ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపు కాదు, పేరు పెట్టి పిలుస్తూ రాగాలు తీసే శోకం. "అయ్యో, ఎవరికేమైందో పాపం" అనుకుంటూ మాణిక్యాంబ చేతిలోవి చేతిలోనే ఉండగా గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరే పోయింది శేషారత్నం?" అని అడిగింది.

శేషారత్నం నోరు తెరుచుకుని రిక్షా వైపు చూస్తోంది. రిక్షాలో జుట్టు విరబోసుకున్న పెద్దావిడ గుండెలు బాదుకుంటోంది. పక్కన కొడుకు ఆవిడ భుజం పట్టుకుని కూర్చున్నాడు.

"ఓసి నా చెల్లే! ఓసి మాణిక్యం! బతికుండగా నీ గుమ్మం తొక్కలేదే నేను! పాపిష్టిదాన్నే! ఇప్పుడొచ్చి ఎవర్ని చూడనే తల్లీ!"

రిక్షా ఆగింది. భ్రమరాంబ దిగి, తూలుతూ నాలుగడుగులు వేసి తలెత్తింది. ఎదురుగా ఒక చేతిలో గోంగూర కట్ట, ఒక చేతిలో నేను, మాణిక్యాంబ నిలబడి ఉంది. శోకం టక్కున ఆగిపోయింది.

"ఏమే, నువ్వు చచ్చిపోలేదూ?" అంది భ్రమరాంబ.

"లేదక్కా" అంది మాణిక్యాంబ, తప్పు చేసినదానిలా.

భ్రమరాంబ వచ్చి చెల్లెలి వీపు మీద రెండు చరిచింది. చరిచిన చెయ్యి వెనక్కి తియ్యలేదు. ఆ మెడ పట్టుకుని ఏడ్చిన ఏడుపులో రాగం లేదు, మాటలూ లేవు. గోంగూర గుమ్మంలో పడింది. నేనూ పడ్డాను, ఇంకో మొన విరిగిందేమో చూసే తీరిక ఎవరికీ లేదు.

కాసేపటికి భ్రమరాంబ లోపల మంచం మీద కూర్చుని తిట్లు మొదలుపెట్టింది.

"నల్లట్ట పంపిస్తావా, బుద్ధుందా నీకు? మా కోడలు కడుపుతో ఉంది. కవర్లోంచి నలుపు కనపడగానే, దాని కంట పడకూడదని వీధిలోనే చింపి పారేశాను, అట్ట విప్పనైనా లేదు. కవరు మీద చూస్తే దస్తూరీ నీది కాదు. ఈ ఇంట్లో నువ్వు కాక ఇంకెవరున్నారే పోడానికి?"

"నలుపేంటక్కా? నీలం కదా!"

"నీలమా, నా తలకాయా!"

మాణిక్యాంబ మిగిలిన ముక్క తెచ్చి అక్క కొడుకు చేతికిచ్చి, "ఏం రంగురా ఇది?" అంది. "నలుపు పిన్నీ" అన్నాడతను నెమ్మదిగా. ఆవిడ ఆ ముక్కను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, నేల మీద కూలబడింది.

"ఏటా పంపినవన్నీ చదివాను" అంది భ్రమరాంబ, ఎటో చూస్తూ. "జవాబు రాద్దామని కూర్చునేదాన్ని. పెద్దదాన్ని, ముందు నేనెందుకు తగ్గాలి అనిపించేది. మళ్ళీ ఏడు చూద్దాంలే అనుకునేదాన్ని. పదకొండూ చదివినదాన్ని, ఇదొక్కటే చదవలేదు. ఏం రాశావే దాంట్లో?"

మాణిక్యాంబ నేల మీంచి నన్ను తీసి, ఒడిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పింది.

"ఏం రాస్తాను? ఎప్పుడూ రాసేదే. కొత్త సంవత్సరం శుభాకాంక్షలని."

"అంతేనా?"

"అంతే అక్కా."

నేను కిర్రుమనలేదు. ఆ కార్డు విప్పి చదివి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. "ఓహో, అంత విసుగొచ్చిందా తనకి" అనుకుని ఆ మనిషి ఇంకా బిగుసుకునేది. ఇక్కడ ఈవిడ నిజంగానే కార్డులు మానేసేది. కొన్నాళ్ళకు అసలైన నల్ల కార్డు ఒకటి అటో ఇటో ప్రయాణమయ్యేది. మనుషులు చదువుకుని చెడగొట్టుకున్నవి చాలా చూశాను. చదవకపోవడం వల్ల బాగుపడింది ఇదొక్కటే చూశాను.

"మైలని పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, ఏమన్నా పెడతావా లేదా?" అంది భ్రమరాంబ. ఆ పూట గోంగూర పచ్చడితో ముగ్గురూ అన్నాలు తిన్నారు. మర్నాడు పొద్దుటి పాసింజరుకు బయలుదేరుతూ భ్రమరాంబ చెప్పుల దగ్గర ఆగింది.

"ఏప్రిల్లో కోడలికి పురుడొస్తుంది. బారసాల పిలుపులు నువ్వు చెయ్యాలి. అరవై చాలు. ఈసారి ఎవరేమన్నా సరే, అవే పంచుతాను. నా ఇంటి శుభానికి నీ చేతి కార్డే వెళ్ళాలి."

మాణిక్యాంబ వాచిన వేళ్ళను చీర మడతల్లో దాచుకుంది.

"చేస్తానక్కా" అంది, ఒక్క క్షణం ఆగకుండా.

అరవై కార్డులు. ఆ వేళ్ళతో, ఆ కళ్ళతో, ఈ విరిగిన మొనతో. అక్క అడిగింది, చెల్లెలు ఒప్పుకుంది, ఇద్దరూ మళ్ళీ ఏడ్చారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు.