పావురం గుర్తు పెట్టె

ఆ గురువారం పొద్దున మా ఇంట్లో ఉన్నవాళ్లం ఐదుగురం. నాయన జమాల్ వసారాలో కూర్చుని హార్మోనియం పెట్టె గాలితిత్తికి జిగురు పూస్తున్నాడు. అమ్మ ఖాతూన్‌బీ పొయ్యి దగ్గర ఉంది. నాయన తల్లి, మా జేజి బిస్మిల్లా బీ గడప పక్కన కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. పరుపులోకి దూది ఏకించుకోవడానికి వచ్చిన ఎదురింటి ఆదిలక్ష్మమ్మ, నాయన ఇప్పుడు ఏకే విల్లు పట్టడని తెలిసినా కదలకుండా కూర్చుంది. నేను లోపలి గది తలుపు వెనక ఉన్నాను. రెండేండ్లుగా, బయటివాళ్లు ఉంటే నా చోటు అదే.

అప్పుడు నాగప్ప మామ వచ్చాడు. పులివెందుల నుంచి మొదటి బస్సుకు దిగి, గొంగడిలో చుట్టిన పెద్ద మూటను నెత్తిన పెట్టుకుని, ప్రొద్దుటూరు బజారంతా నడిచి వచ్చాడు.

మామది తుమ్మలపల్లె దగ్గర ఒక పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఒక గుట్ట మీద నిలబడి ఇంకో గుట్ట మీది మందను పిలిచి పిలిచి పెరిగిన గొంతు ఆయనది. ఇరవై ఏండ్లుగా నాటకాల్లో రాజు వేషం ఆయన వేస్తాడు, హార్మోనియం నాయన వాయిస్తాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఏ తిరునాళ్లకైనా ఇద్దరినీ కలిపే పిలుస్తారు. ఆ శనివారం గండిలో శ్రావణమాసం నాటకం ఉంది.

"ఏందిరా నాగా ఆ మూట, గొర్రెపిల్లనా?" అంది జేజి.

"పిల్ల కాదు పెద్దమ్మా, రెండు పొట్టేళ్లు. అవి రెండూ పోయి ఇది వచ్చినాది" అని మామ గొంగడి విప్పాడు.

లోపల కొత్త హార్మోనియం పెట్టె. టేకు చెక్క అద్దంలా మెరుస్తోంది. మూత మీద ఎర్ర గులాబి గుర్తు. మద్రాసు నుంచి తెప్పించాడట.

"జమాలూ, ఇది నీకే. పోయిన నెల జమ్మలమడుగులో నీ పెట్టె బుస్ బుస్ అంటాంటే ముందు వరసలో కూర్చున్నోళ్లు పామనుకోని లేచినారు. ఆ చింకితిత్తిని ఇంగ అవతల పారెయ్."

నాయన చేతిలోని జిగురు పుల్లను కింద పెట్టాడు. కొత్త పెట్టెను చూశాడు గాని ముట్టలేదు.

"మంచి పెట్టె నాగప్పా. నాకు మాత్రం పావురం గుర్తే."

పెట్టె గుర్తుల మీద పట్టింపు ఒక్క నాయనకే కాదు. జమ్మలమడుగు ఖాజా నెమలి గుర్తు తప్ప వేరేది ముట్టడు. ఆయన గురువు వాయించింది అదేనట. పులివెందులలో ఒకాయన మెట్లు వెడల్పుగా ఉండే పెట్టె తప్ప తన వేళ్లకు సరిపడదంటాడు. అందరూ ఒకచోట చేరితే ముందు పెట్టెల గురించి వాదులాడుకుని, తర్వాతే నాటకం మాట మాట్లాడతారు. అయినా చూస్తూ చూస్తూ కొత్త పెట్టెను కాదన్నవాళ్లను నేను ఎరగను.

"ఆయన సంగతి నీకు తెల్దా అన్నా?" అంది అమ్మ లోపల నుంచి. "నన్నన్నా మార్చుకుంటాడు గాని ఆ పెట్టెను మార్చడు."

"నిన్ను మారిస్తే ఆయప్పకు సంగటి ఎవురు కెలుకుతారు లే" అంది ఆదిలక్ష్మమ్మ.

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు.

"ఏముందప్పా ఆ పావురంలో? తిత్తి చినిగె. చెక్క పురుగు తినె. ఏ ఊరికి పోయినా వాళ్ల పెట్టె ఇస్తామంటే వద్దంటివి. కడపలో అంత మంచి పెట్టె పెడితే గూడా వద్దంటివి. సరే, అవి పరాయోళ్లవి. ఇది నేను తెచ్చినాను గదా?"

"నువ్వు తెచ్చినావనే గదా..." అని నాయన ఆగిపోయాడు.

"నేను తెచ్చినందుకే వద్దా?"

మామ ముఖం చిన్నబోయింది. నాయన తల దించుకుని, ఎండిన జిగురును గోటితో గీకుతూ ఉండిపోయాడు.

నాయన వేరే పెట్టె ఎందుకు ముట్టడో నాకు తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. రోజూ అన్నీ రాసుకునే నా నోటుపుస్తకంలో కూడా ఆ సంగతి అంతవరకు రాయలేదు.

ఏడేండ్ల కింద, కర్నూలు రాజధాని అయిన ఏడాది, పులివెందుల నాటకంలో మామ గొంతు పై స్థాయిలో పగిలింది. జనంలో ఎవరో ఈల వేశారు. మామది ఆరు శ్రుతి. నాటకాలు ఆడేవాళ్లలో ఆరు శ్రుతికి పాడగలిగేవాళ్లు తక్కువ. ఆ మాట చెప్పుకునే మామ తలెత్తుకుని తిరిగేవాడు. ఆ రాత్రి రంగు కడుక్కుని, ఇంక ముఖానికి రంగు పూయనని చెప్పి వెళ్లిపోయాడట. రెండు దినాలు ముద్ద ముట్టలేదట. "ఒక అర శ్రుతి దించుకోని పాడు" అని నాయన చెప్పి చూశాడు. దించుకుంటే తాను సగం మనిషినే అన్నాడట మామ.

ఆ ఎండాకాలం నాయన మా పెట్టె విప్పాడు. హార్మోనియంలో ఒక్కో మెట్టు కింద ఒక ఇత్తడి రీడు ఉంటుంది. చిన్న నాలుకలాంటిది. గాలి తగిలి అది అదిరితేనే స్వరం. దాన్ని కొస దగ్గర సన్నగా గీస్తే స్వరం ఎక్కుతుంది, మొదలు దగ్గర గీస్తే దిగుతుంది. నాయన అన్ని రీడ్లనూ మొదలు దగ్గర గీశాడు. మెట్టు అదే మెట్టు, చూసేవాళ్లకు ఆరే. వచ్చే స్వరం మాత్రం కొద్దిగా తక్కువ. తబలా ఆయన ఎటూ పెట్టెకే శ్రుతి కలుపుకుంటాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మళ్లీ ఏడాది మామను బతిమాలి తీసుకొచ్చి నిలబెడితే గంటసేపు పాడి, "చూసినావా జమాలూ, గొంతు మల్లా వచ్చినాది" అన్నాడట.

అప్పటినుంచి ఏటా ఎండాకాలం ఆ పెట్టె మా ఇంట్లో వెంట్రుకవాసి కిందికి దిగుతూనే ఉంది. ఇప్పటికి సరిగ్గా అర శ్రుతి. నాయనకు చూపు ఆనక, రెండేండ్ల కింద రీడ్లు గీసే ఆకురాయి నా చేతికి వచ్చింది. నాకు స్వరాలు బాగా తెలుస్తాయని నాయన అంటాడు.

వేరే ఏ పెట్టె వాయించినా అందులో ఆరు అసలైన ఆరే అవుతుంది. నాయన పావురం గుర్తు పట్టింపు అంతా అదే.

మామ కొత్త పెట్టె ముందు బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.

"సరే. నీకు ఇష్టం లేకుంటే తీసుకోని పోతా. పోయేముందు ఒక్కసారి విను. ఈ పెట్టె యట్లుంటాదో నాకూ చూడాలని ఉండాది. ఆరు పట్టప్పా."

నాయన చేతులకు అంటిన జిగురు తుడుచుకుంటూ ఉన్నాడు.

"పట్టప్పా! నీ పావురం ఏమన్నా ఏడుస్తాదా?"

నాయన కొత్త పెట్టె తిత్తి తెరిచాడు. వేళ్లు మెట్ల మీదికి పోయాయి. ఆరు పట్టకపోతే మామకు కోపం. పడితే అందరి ముందూ, ఆదిలక్ష్మమ్మ ముందు కూడా, ఆ గొంతు పగులుతుంది. ఐదున్నర పట్టి ఆరని చెప్పడానికి లేదు. ఐదున్నర నల్లమెట్టు, ఆరు తెల్లమెట్టు; ఇరవై ఏండ్లుగా మామ పక్కన నిలబడి చూస్తున్న మెట్లు అవి. నాయన చూపుడువేలు ఆరు మీదికి పోయి, నొక్కకుండానే వెనక్కి రావడం తలుపు సందులోంచి నాకు కనిపించింది.

"కొత్త పెట్టెకు అప్పుడే పాడగూడదు" అన్నాను.

వసారాలో అందరూ తలుపు వైపు తిరిగారు. అయినా మాట మొదలైంది కాబట్టి ఆపలేకపోయాను.

"బస్సులో కుదుపులకు రీడ్లు కదిలి ఉంటాయి. సదిరినంకనే పాడాల. లేకుంటే గొంతుకు దెబ్బ."

"అరెరె, షాహీదా మాట్లాడిందే!" అని జేజి వక్కల కత్తెర కింద పెట్టింది.

మామ ముఖంలో మళ్లీ కళ వచ్చింది. "ఈ పాప తలుపు వెనక్కి పోయి రెండేండ్లాయె, అప్పటినుంచి గొంతు ఇదే వినడం. జమాలూ, నీకంటే నీ బిడ్డ నయం. ఏం పాపా, సదిరితే మీ నాయన వాయిస్తాడా?"

నాయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"వాయిస్తాలే" అన్నాడు నాయన.

మామ లేచి నాయన వీపు మీద గట్టిగా చరిచాడు. శనివారం అందరూ కలిసే గండికి పోదామని, అంతవరకు మా ఇంట్లోనే ఉంటానని అన్నాడు.

నాయన పెట్టెను లోపలి గదిలోకి తెచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ముప్పైతొమ్మిది మెట్లమ్మే. మెట్టుకు రెండు రీడ్లు. నాకు ఏడేండ్లు పట్టిన పని. రెండు దినాల్లో అయితాదా?"

"ఒక వరస రీడ్లకు గాలి మూసేద్దాం నాయనా. ఒక్క వరస చాలు."

"ఒకేసారి అంత గీస్తే నాలుక విరుగుతాది."

"నిదానంగా గీస్తా."

నాయన నా తల మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు అలాగే ఉంచాడు.

పాత పెట్టె, కొత్త పెట్టె పక్కపక్కన పెట్టుకున్నాను. రెండింటిలో ఒకే మెట్టు నొక్కి పడితే, స్వరాలు కలవనంతసేపూ వాటి మధ్య ఒక వణుకు వినిపిస్తుంది. గీసేకొద్దీ వణుకు నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆగిందంటే కలిసినట్టు. వీధిలో బండి పోయినా, అమ్మ రోలు దంచినా ఆ వణుకు వినపడదు. గురువారం దీపాలు పెట్టేవేళకు పన్నెండు మెట్లు అయ్యాయి. శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవై.

నాయన జుమ్మా నమాజుకు పోయాడు. అమ్మ, జేజి వెనక పెరట్లో ఉన్నారు. మామ బజారుకు పోయాడనుకున్నాను. ఇరవై ఒకటో మెట్టు ఆరు శ్రుతిది. గీయడానికి ముందు ఒకసారి రెండు పెట్టెల్లోనూ నొక్కి విన్నాను. వణుకు చాలా గట్టిగా ఉంది.

"రెండూ ఆరేనా?"

మామ గడపలో నిలబడి ఉన్నాడు. తువ్వాల కోసం వచ్చాడట. నా చేతిలోంచి ఆకురాయి జారి పడింది.

"రెండూ ఆరేనా పాపా? ఒకటి శానా ఎక్కువుండాదే."

ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆకురాయి తీసి చూశాడు. పాత పెట్టెలో మొదలు దగ్గర గీసి గీసి పలుచబడి మెరుస్తున్న రీడ్లను వంగి చూశాడు.

"ఈడ గీస్తే స్వరం ఎక్కుతాదా, దిగుతాదా?"

అబద్ధం నోటికి రాలేదు. "దిగుతాది మామా."

"పాత పెట్టెలో పట్టు."

పట్టాను. నోరు మూసుకుని గొంతులోనే కలిపాడు. హాయిగా కలిసింది. పై స్థాయికి పోయి దిగివచ్చాడు.

"ఇంగ కొత్తదాంట్లో."

పట్టాను. మళ్లీ గొంతులోనే మొదలుపెట్టాడు. సగం దూరం ఎక్కేసరికి మెడ నరాలు పొంగాయి. పైకి పోయేచోట శ్వాస ఒక్కటే మిగిలింది, స్వరం లేదు. చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

"ఎన్నేండ్లు?"

"ఏడు."

"పులివెందుల నాటకం అయినంకనా?"

తల ఊపాను. మామ గోడకు ఆనుకున్నాడు. చాలాసేపు కొత్త పెట్టె మీది గులాబీని బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు.

"ఊరూరా చెప్పుకుంటి గదమ్మే, గొంతు మల్లా వచ్చిందని" అన్నాడు. "వాడు పక్కన కూర్చోని వినె. ఒక్క మాట అనకపాయె."

"నాయన మీద కోపం చేసుకోవద్దు మామా."

"కోపమా?" తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఏటా ఎండాకాలం ఈ సన్న నాలుకలు చూసి చూసి కండ్లు పోగొట్టుకున్నాడు. అందరితో మొండోడనిపించుకున్నాడు. నిన్న నేను గూడా నోటికొచ్చింది అంటి." ఆగి, లెక్క చూసుకుంటున్నట్టు రీడ్ల వరస వైపు చూశాడు. "ఇంగా ఎన్నుండాయి?"

"పందొమ్మిది."

"రేపు బస్సుకు పొయ్యేలోగా అయితాయా?"

"సద్దు లేకుంటే అయితాయి."

ఆకురాయిని నా చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. గొర్రెల ఉన్నిలా గరుకైన చేతులు.

"నేను చూసినట్ల మీ నాయనకు చెప్పాకు. తెలిస్తే రేపు ఆడ వాని చెయ్యి ఆడదు. నా గొంతూ లెయ్యదు."

అప్పుడే వసారాలో నాయన చెప్పులు విడిచిన చప్పుడు అయింది. "నాగప్పా, లోపల ఏం పనప్పా?"

"ఏం లేదు, తువ్వాల కోసరం వచ్చినా" అని మామ లేచాడు. గడప దాటి, నాయనకు అడ్డంగా నిలబడి, వీధి వినేటట్టు అన్నాడు. "పాప రీడ్లు సదురుతాంది. ఎవురూ సద్దు చేయాకండి. ఆదిలక్ష్మమ్మా, నీ నోటికే చెప్తాండా. జమాలూ, నువ్వు గూడా లోపలికి పోవాకు, రా, నీడలో కూర్చుందాం."

ఒక చేత్తో నాయన భుజం పట్టుకుని, రెండో చేత్తో వెనక్కి తిరగకుండానే నా గది తలుపు మూశాడు.