కాడి ముడి

మోకు తెగినప్పుడు నేను దాని మీదే కూర్చుని ఉన్నాను. ఎద్దులతో నీళ్ళు తోడే కపిలను తోలేవాడు ఆ లావుపాటి తాడు మీద అలాగే కూర్చుంటాడు. నీళ్ళు నిండిన బాన బావిలోంచి పైకి రావాలంటే ఎద్దులు బాటలో పల్లానికి దిగాలి. వాటి బలానికి తోడు మనిషి బరువు కూడా మోకు మీద పడాలి. ఆ రోజు ఎద్దులు సగం బాట దిగాయి. మోకు తెగింది. నేను రాతి మీద పడ్డాను. తుంటి విరిగింది.

ముందుగా పరుగెత్తుకొచ్చింది ఓబులయ్య. మా చిన్నతాత మనవడు, బావిలో సగం భాగస్థుడు. ఎద్దులను కాడి నుంచి విప్పి కట్టేసింది అతనే. కాడికి మిగిలిన మోకు ముక్కను ఆ తర్వాత ఎవరూ చూడలేదు. బావిలో పడిన పెద్ద ముక్కను కూడా ఓబులయ్య వాళ్ళే తీశారు, మరుసటి వంతు వాళ్ళది గనుక. మా ఇంటికి బాన ఒక్కటే వచ్చింది. మోకు ఏదని నా భార్య మాలకొండమ్మ అడిగితే, కుళ్ళిన తాడు మీకెందుకు, పొయ్యిలో పెట్టాం అన్నారు.

ఆ ఏడు వాన లేదు. ఉదయగిరి కొండ కింద మెట్ట అంతా ఎండిపోయింది. నా మిరపతోట, వాళ్ళ మిరపతోట రెండూ ఆ బావిలో ఊరే నాలుగు నీళ్ళ మీదే బతకాలి. నీ వంతు నాకు వదలమని ఓబులయ్య అడిగాడు. వదలనన్నాను. "నువ్వెట్ట తోలతావో నేనూ చూస్తాలే" అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కడినే.

మోకు తెగుతుంటే చూసింది కూడా నేనొక్కడినే. నా కళ్ళ ముందు, కాడికి వేసిన ముడి పక్కన తెగింది. పాతబడిన మోకు బావి మీది గిలక మీద నలిగే చోట తెగుతుంది. కాడి ముడి గిలక దాకా ఎప్పుడూ పోదు, అక్కడ నార అరగదు. అక్కడ తెగిందంటే కత్తి పడిందనే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మాలకొండమ్మకు కూడా. చెబితే ముక్క ఏదని అడుగుతారు. ముక్క నా దగ్గర లేదు.

నా బావమరిది ఊరుకోలేక ఫిర్యాదు ఇచ్చాడు. కేసు ఆత్మకూరు కోర్టుకు పోయింది. నన్ను మంచం మీద ఉదయగిరి దాకా మోసి, అక్కడ బస్సు ఎక్కించి తీసుకుపోయారు. వకీలు నా మాట సగం విని, తాడు తెగడం నేరం కాదయ్యా, కోయడం నేరం, కోస్తుంటే చూసినవాడు ఉంటే పిలుచుకురా అన్నాడు. ఎవరూ లేరు. వాయిదాలు పడుతూ పోయాయి.

అప్పుడు ఊరి పెద్ద పెంచలనరసింహం కబురు పెట్టాడు. ఆయన పంచాయితీలో ఒక పద్ధతి ఉంది. దెబ్బ తిన్నవాడి తరఫున ఒకడు, కొట్టినవాడి తరఫున ఒకడు అరుచుకోవడం ఉండదు. ఇద్దరినీ తన వసారాలో ఎదురెదురుగా చాప మీద కూర్చోబెడతాడు. వాళ్ళే మాట్లాడుకోవాలి. తేలితే రాజీకి గుర్తుగా తాంబూలం పుచ్చుకుని లేవాలి.

నేను కర్ర ఊతంతో పోయాను. ఆ కర్ర ఉదయగిరిలో గరిటెలు చెక్కే మస్తానయ్య చేసి ఇచ్చింది. చంకలో పెట్టుకునే చోటు అచ్చం గరిటె లాగే ఉండేది. ఓబులయ్య దాన్ని చూసి, ఈ గరిటెతో ఎవరికి వడ్డిస్తాడో అన్నాడు. కొందరు నవ్వారు.

మోకు గిలక మీద నలిగి తెగిందని ఓబులయ్య అందరి ముందు చెప్పాడు. దాయాదిని గనుక నేను నడిచేదాకా నా వంతు తను తోలిపెడతానని, చెయ్యని తప్పు మాత్రం నెత్తిన పెట్టుకోనని అన్నాడు. గోడ పక్కన నిలబడిన మాలకొండమ్మ, తుంటి ఇరగ్గొట్టి ఇప్పుడు పసుపు రాస్తానంటన్నాడు అంది. పెంచలనరసింహం ఆమెను ఊరుకోమని, నీకేం కావాలని నన్ను అడిగాడు.

"కోసినానని వాడి నోటితో చెప్పాల. చెప్తే కేసు తీసేస్తా."

"కోసింటే గదా చెప్పేది" అన్నాడు ఓబులయ్య.

ఆ ఒక్కటీ వదిలి ఇంకేదైనా అడగమన్నాడు పెంచలనరసింహం. నేను కర్ర పక్కన పెట్టి ఓబులయ్యను చూపించాను.

"కొత్త మోకు నేను పేనతా. మొదట దాని మీద వాడు కూర్చోవాల."

మా వైపు కొత్త మోకు మీద మొదట కూర్చునేది పేనినవాడే. వాడి పనికి వాడి ప్రాణమే పూచీ. నేను కూర్చోలేను, కాబట్టి నా బదులు ఓబులయ్య. కాదంటే, కోయనివాడికి భయమెందుకని అడుగుతారు. ఓబులయ్య కూర్చుంటానని మాట ఇచ్చాడు.

కూర్చుని చేసే పని గనుక అది నేను చేయగలిగాను. కిత్తనార నానబెట్టి, దంచి, ఆరబెట్టింది మాలకొండమ్మ. పోగులను పురులుగా మెలిపెట్టి పేనింది నేను. ఓబులయ్య పెళ్ళాం రాఘవమ్మ, నా మొగుణ్ణి చంపడానికి తాడు పేనతన్నాడని ఊరంతా చెప్పుకుంది. దారిన పోయేవాళ్ళు ఆగి, మోకా ఉరితాడా అని అడిగేవాళ్ళు. నేను పేనుతూనే ఉండేవాణ్ణి.

ఒకనాడు మాలకొండమ్మ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"లోపలి పురిలో కుళ్ళిన నార కలుపు. ఎవురు చూడొచ్చినారు?"

"తెగితే ఎద్దులూ బోర్లా పడొచ్చు. అవి మనయి" అన్నాను.

ఆమె లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొత్త మోకు కట్టే రోజు బావి దగ్గరికి ఊరిలో సగం మంది వచ్చారు. పెంచలనరసింహం తాంబూలం పళ్ళెం తెచ్చి గట్టు మీద పెట్టించాడు. మోకుకు పసుపు పూశారు. ఒక కొస కాడికి ముడివేసి, మిగతాది బాట పొడుగునా పరిచారు. ఎక్కేముందు తాడు ఒకసారి చూసుకుంటానని ఓబులయ్య అడిగాడు. చూసుకోమన్నాను.

కొత్త మోకును పరీక్షించేవాడు ఎవడైనా గిలక మీద పారే నడిమి భాగం చూస్తాడు. అది ఓబులయ్య కాళ్ళ ముందే ఉంది. అతను దాన్ని దాటుకుని నేరుగా ఎద్దుల దగ్గరికి పోయాడు. కాడి ముందర వంగి, ముడి పక్కన పురులను రెండు బొటనవేళ్ళతో విడదీసి లోపలికి చూశాడు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా కపిల తోలి పెరిగినవాళ్ళే. ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. పెంచలనరసింహం గట్టు దిగి వచ్చాడు.

"ఓబులయ్యా, గిలక మీద తెగిందని నా వసారాలో చెప్పినావే. ఆడ ఏంది ఎతకతన్నావు?"

ఓబులయ్య చేతులు ముడి మీదే ఉండిపోయాయి.

"తెగింది ఆడనే" అన్నాను నేను. "ఈ పొద్దు దాకా ఎవురికీ చెప్పలా. నీకే తెలుసు."

ఎద్దు తల విదిలిస్తే మెడలో గంట మోగింది. ఓబులయ్య నిటారుగా నిలబడ్డాడు గానీ నా వైపు తిరగలేదు.

"సగం కోసినా. బాన బావిలో పడి ఆ పూట నీ వంతు పోతాదనుకున్నా. నువ్వు పడతావనుకోలా."

"నేను దాని మీద కూర్చుంటానని నీకు తెలవదా?"

దానికి అతను జవాబు చెప్పలేదు. ఈ రోజుకీ చెప్పలేదు.

చెప్పాడు కదా, ఇక చాలు, తాంబూలం పుచ్చుకోమని పెంచలనరసింహం అన్నాడు. ఓబులయ్య బాట వదిలి పోబోయాడు.

"కూర్చో" అన్నాను. "మాట ఇచ్చినావు."

రాఘవమ్మ ఏడుపు ఎత్తుకుంది. బాన కట్టి, మోకును గిలక మీదికి ఎక్కించారు. ఓబులయ్య పంచె ఎగగట్టి మోకు మీద కూర్చున్నాడు. ఎద్దులు దిగాయి. మోకు కొత్తది గనుక కిర్రుమంది. అతను ఎద్దులను చూడలేదు, బాటను చూడలేదు. కాడి ముడినే చూస్తూ కిందిదాకా పోయాడు. బాన పైకి వచ్చి నీళ్ళు నా కాలవలో పడ్డాయి.

నేను తాంబూలం ముట్టుకోలేదు. సాయంత్రానికి ఆకులు పళ్ళెంలోనే వాడిపోయాయి.

ఇచ్చిన మాట ప్రకారం ఆత్మకూరు పోయి కేసు తీసేయించాను. రాజీ పడ్డారా అని వకీలు గుమాస్తా అడిగాడు. రాజీ కాదు, వాడు చెప్పినాడు, అంతే అన్నాను. గుమాస్తాకు అర్థం కాలేదు. తిరుగు బస్సులో ఓబులయ్య ముందు కూర్చున్నాడు, నేను వెనక.

మిరపకాయ కోత అయ్యేదాకా నా వంతు అతనే తోలాడు. తోలే ప్రతిసారీ నేను కర్ర ఊతంతో పోయి, అందరూ చూస్తుండగా, కాడి ముడి దగ్గర పురులు విడదీసి చూసేవాణ్ణి. నేను ముగించేదాకా అతను ఎద్దుల్ని పట్టుకుని నిలబడాలి. ఎండలో నిలబడేవాడు.

కోతలు ముగిసే ముందు ఒకనాడు అడిగాడు.

"ఇంకా నమ్మకం రాలేదా?"

"రాలా."

అతను కాడి ఎత్తి, ముడిని వెలుతురు వైపుకు తిప్పి పట్టుకున్నాడు. నేను చూసుకున్నాను.