మొకం లేని రౌతులు

పర్షియాలో ఒక కొండకు యుద్ధం బొమ్మలు చెక్కి ఉన్నయి. ఒక రౌతు ఈటె పట్టి మీదికొస్తుంటే ఎదుటి రౌతు గుర్రంతో సహా కూలిపోతుంటడు. ఆ కొండ ఫోటోలు ముందర పెట్టుకొని నా బిడ్డ ఎస్తేర్ నల్ల సిరాతో పెద్ద కాగితం మీద గీస్తున్నది. మొయినాబాద్‌లో పిల్లలకు డ్రాయింగ్ చెప్పే పిల్లకు ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు. చిన్న మంగళారం ఊర్ల రంజిత్ కట్టిన ఫామ్‌హౌస్ హాలుకు పెడతరట.

రంజిత్ మొన్ననే చేవెళ్ల పక్కన మా ఊరికి సర్పంచ్ అయిండు. అతని మీద నిలబడి ఓడిపోయింది వాళ్ల పెద్దనాయన కొడుకు పాండు. మేము కిరాయికి ఉన్నది పాండు ఇంట్లనే. మా ఆయన పోయినంక ఎన్ని ఇండ్లు మారినమో. ఉన్న ప్రతి ఇల్లూ కూలగొట్టి ప్లాట్లు చేసిన్రు.

బొమ్మ సగమైనంక రంజిత్ చూడవచ్చిండు.

"మొకాలేవి చెల్లె?"

"రాయి అరిగిపోయిందన్నా. ఎంత కనబడితే అంతే గీయాలె. లేనికాడ చుక్కలు పెడతం."

"చుక్కలు ముగ్గులల్ల పెట్టుకో. గెలిచినోనికి నా మొకం పెట్టు, మీసం జర మంచిగ. కింద పడేటోనికి మా పాండన్నది పెట్టు. దావత్‌కు వచ్చినోళ్లు నవ్వాలె."

అతను పోయినంక ఎస్తేర్ నా దిక్కు చూసింది. పెడితే ఇల్లు పోతది, పెట్టకపోతే పని పోతది. మళ్లీ మూటలు కట్టే ఓపిక నాకు లేదు. అట్లని అబద్ధం గీయుమని చెప్పే ఓపిక కూడా లేదు.

"నీ ఇష్టం బిడ్డా" అన్న.

ఆమె చుక్కలే పెట్టింది. రంజిత్ బొమ్మ తీసుకోలేదు. ఇంకొకనితో రంగుల్లో వేయించుకుంటానన్నడు.

ఊర్లో మాట దాగుతదా. తెల్లారి పాండు వచ్చి గడప ముందర నిలబడ్డడు.

"నన్ను గుర్రం మీదికెల్లి పడేసిన్రంట గద శాంతమ్మ. చూపెట్టు."

"ఆయన పెట్టుమన్నది నిజమే పటేలా. నా బిడ్డ పెట్టలేదు."

ఎస్తేర్ కాగితం నేల మీద పరిచి మూలలకు చెంబులు పెట్టింది. పాండు గొంతుకూర్చొని చూసిండు. గుర్రం ముందుకాళ్లు మడతపడి ఉన్నయి. మెడ వాలిపోయింది. దాని మీదున్న మనిషి ఈటె విరిగింది.

"వీడేనా నేను?"

"ఎవరూ కాదంకుల్. ఎప్పుడో చచ్చిపోయినోళ్లు."

"నేనే బిడ్డా. ఓట్లు లెక్కపెట్టిన దినం స్కూలు గేటు కాడ ఇట్లనే కూలబడ్డ."

అతనట్ల కూర్చుంటే నాకు భయం కూడా సరిగ్గా కాలేదు. ఏదో ఒకటి తేలిపోతే చాలనిపించింది.

"ఇల్లు ఖాళీ చెయ్యమంటవా పటేలా?"

"ఎవరు చెయ్యమన్నరు?" అని కసురుకున్నడు. "ఇంట్ల కొట్లాట సాలదని వాడు ఎక్కడి కొట్లాటనో తెచ్చిండు. నువ్వు పోయి చాయ్ పెట్టు."

నేను పొయ్యి ముట్టించిన. పాండు బొమ్మను ఇంకా చూస్తనే ఉన్నడు.

"వీళ్లు ఎప్పటిసంది కొట్లాడుతున్నరు బిడ్డా?"

"పదిహేడు వందల ఏండ్లు ఉంటదేమో అంకుల్."

"ఇగ గుర్రాలు దిగుమను" అన్నడు.